పది బై పదకొండు గదికి నిలువెత్తు స్పీకర్లు వద్దండీ

మీరు అడిగింది ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో సొంత ఫ్లాటు. అబ్బాయి చదువుకి బయటికెళ్ళాక ఒక గది ఖాళీ అయింది. పది అడుగుల వెడల్పు, పదకొండు పొడవు, స్లాబు ఎత్తు పది. పాటలు వినడానికి తప్ప ఇంకో పనికి ఆ గదిని వాడరు. చేతిలో లక్షన్నర ఉంది, యాభై వాట్ల ఆంప్లిఫయర్ (ఆంప్) ఇప్పటికే ఉంది. వినేది కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు, అప్పుడప్పుడు రాక్. షాపులో నిలువెత్తు ఫ్లోర్ స్టాండింగ్ స్పీకర్లు చూపించి, "గది చిన్నదైతే ఏముందండీ, వాల్యూం తగ్గించుకుంటే సరి" అన్నారు. అది నిజమేనా అని మీ సందేహం.

నిజం కాదండీ. వాల్యూం తగ్గిస్తే అన్నీ కలిసి తగ్గుతాయి. గది ఏ స్వరాన్ని ఉబ్బిస్తుందో దాన్ని చిన్న వాల్యూంలో కూడా మిగతావాటి కంటే ఉబ్బిస్తూనే ఉంటుంది. మీ గదికి కావలసింది బేస్, అంటే కింది స్వరాలు, తక్కువ ఇచ్చే చిన్న స్పీకర్లు. లోటు గది పూడుస్తుంది. పాతికేళ్ళుగా ఈ పిచ్చిలో ఉన్నాను. అందులో మొదటి ఆరేడేళ్ళు ఈ ఒక్క ముక్క తెలియకే డబ్బు తగలేశాను.

గది కొలతలు రాశారు, సంతోషం. చాలామంది అది తప్ప అన్నీ రాస్తారు. గది ఏ స్వరం దగ్గర మోగుతుందో చెప్పే లెక్క చాలా సులువు. మన ఊరి వేడిలో శబ్దం సెకనుకి సుమారు 1140 అడుగులు పోతుంది. దాన్ని గది కొలతకి రెట్టింపుతో భాగించండి. పదకొండు అడుగులకి 52 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) వస్తుంది, పది అడుగులకి 57. మీకు వెడల్పూ పదే, ఎత్తూ పదే. అంటే 57 రెండుసార్లు పడింది, 52 దాని పక్కనే కూర్చుంది. వాటి రెట్టింపులు 104, 114 కూడా పక్కపక్కనే. ఖాళీ బిందెలో తల పెట్టి కూనిరాగం తీస్తే ఏదో ఒక స్వరం దగ్గర బిందె మొత్తం గుంయ్ మంటుంది, మిగతా స్వరాలకి పలకదు. మీ గది అలాంటి బిందె. గది కొలతలన్నీ దగ్గరదగ్గరగా ఉండటం ఇందులో అన్నిటికంటే చెడ్డ రకం, ఎందుకంటే మోతలన్నీ ఒకే చోట పోగుపడతాయి. మీ గది సైజులో దాదాపు 200 హెర్ట్జ్ కింద మీరు వినేది స్పీకర్ కంటే ఎక్కువగా గదినే.

ఇంకో సంగతి ఉంది. మనం చదివే అమెరికా రివ్యూల్లో చాలావరకు చెక్క ఫ్రేముకి జిప్సం బోర్డు కొట్టిన ఇళ్ళలో కూర్చుని రాసినవి. ఆ గోడలు కాస్త ఊగుతాయి, బేస్‌ని కొంత మింగుతాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మనవి ఇటుక గోడలు, పైన ఆర్‌సీసీ స్లాబు, కింద నున్నటి టైల్సు. బేస్ ఎక్కడికీ పోదు. అక్కడ "బేస్ కాస్త పల్చన" అని రాసిన స్పీకరు మన గదిలో సరిగ్గా సరిపోయిన సందర్భాలు నాకు చాలాసార్లు ఎదురయ్యాయి.

నా కథ చెబుతాను. 2006లో లాసన్స్ బే కాలనీలో అద్దెకి ఉండేవాణ్ణి, ఇంచుమించు మీ గది సైజే. ఒక్కోదాంట్లో రెండేసి ఎనిమిదంగుళాల వూఫర్లు (బేస్ పలికే గుండ్రటి భాగాలు) ఉన్న జత కొన్నాను. మెట్ల మీద మోయడానికి నలుగురం. మొదటి రోజు సినిమా పాట పెడితే ఒళ్ళు ఝల్లుమంది. మర్నాడు ఒక కచేరి పెట్టాను. మృదంగం తొప్పి, అంటే ఎడమ ముఖం మీద రవ్వముద్ద అద్ది, మణికట్టుతో నొక్కుతూ వాయించే గుమ్కీ ఉంటుంది కదా, అది కిందికీ పైకీ ఒక గీత గీసినట్టు జారాలి. నా గదిలో అది జారుతూ జారుతూ ఒక చోట ధడేలుమని ఉబ్బేది, ఆ తర్వాత ఉందో లేదో తెలిసేది కాదు. తంబురా మంద్ర షడ్జం గాయకుడి గొంతు మీదికెక్కి కూర్చునేది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "పైవాటాలో గ్రైండరు తిరుగుతున్నట్టుందేంటి?" అంది. స్పీకర్లని మూలలోంచి జరిపాను, వైర్లు మార్చాను, ఆంప్ మార్చాను. పద్నాలుగు నెలల తర్వాత సగం ధరకి అమ్మేశాను. కొన్నాయనకి మధురవాడలో ఇరవై రెండడుగుల హాలు ఉంది. అక్కడ అవే స్పీకర్లు ఎంత బాగా పలికాయో విని కాస్త ఏడుపొచ్చింది కూడా.

చిన్న చోటులో ఏం పనిచేస్తుందో బీబీసీ వాళ్ళు 1970లలోనే తేల్చారు. ఊళ్ళు తిరిగి రికార్డు చేసే ప్రసార వ్యాన్లలో ఇంజినీరు మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేంత జాగా మాత్రమే ఉండేది. వాటి కోసం ఎల్ఎస్3/5ఏ అనే బుల్లి మానిటర్ స్పీకరు తయారు చేశారు. అడుగు ఎత్తు డబ్బా, ఎటూ కన్నం లేని సీల్డ్ బాక్సు, ఐదంగుళాల వూఫరు. కింది బేస్ అందులో లేనే లేదు. అయినా మాట్లాడే మనిషి గొంతు మనిషి గొంతులా వినిపించాలన్నదాని మీదే దృష్టి పెట్టారు. యాభై ఏళ్ళయినా లైసెన్సు తీసుకుని ఇంకా తయారు చేస్తున్నారు. కొత్తది మీ బడ్జెట్‌కి అందదు, కొనమనడం లేదు. ఆ తోవలో వెతకమంటున్నాను.

సీల్డ్ డబ్బా మీద నాకు మక్కువ ఉంది, దాచను. కారణం ఉంది. సీల్డ్ డబ్బాలో బేస్ కిందికి వెళ్ళేకొద్దీ అష్టకానికి (సా నుంచి కింది సా దాకా) 12 డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) చొప్పున నెమ్మదిగా తగ్గుతుంది. కన్నం ఉన్న డబ్బాలో కొంతవరకు నిలబడి, ఆ తర్వాత 24 చొప్పున నిటారుగా పడిపోతుంది. తలుపులు వేసిన చిన్న గదిలో మీ 52 హెర్ట్జ్ కన్నా కింద గదే ఒత్తిడి పెంచి బేస్‌ని ఎత్తుతుంది. నెమ్మదిగా తగ్గేదాన్ని గది ఎత్తితే దాదాపు సమానమవుతుంది. చిక్కేమిటంటే మన మార్కెట్లో సీల్డ్ స్పీకర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. హార్బెత్ పీ3ఈఎస్ఆర్ అనే సీల్డ్ స్పీకరు సెకండ్ హ్యాండ్‌లో మీకు అందే ధరలో కనిపిస్తే ఆలోచించకుండా వెళ్ళి వినండి.

అది దొరక్కపోతే నా రెండో ఎంపిక కేఈఎఫ్ ఎల్ఎస్50 మెటా. కంపెనీ యాభై ఏళ్ళ గుర్తుగా 2012లో వచ్చిన ఎల్ఎస్50కి ఇది 2020లో వచ్చిన రూపం. వూఫర్ నడిమధ్యలోనే పైస్వరాలు పలికే ట్వీటర్ ఉంటుంది. మీరు ఐదారడుగుల దూరంలో కూర్చుంటారు. అంత దగ్గర్లో వూఫరూ ట్వీటరూ వేరువేరు చోట్ల ఉండే మామూలు స్పీకర్లో పై శబ్దం ఒక చోటి నుంచి, కింది శబ్దం ఇంకో చోటి నుంచి వస్తున్నట్టు కొందరికి అనిపిస్తుంది. దీనికి ఆ బాధ లేదు, కుర్చీలో కాస్త జారగిలబడినా గొంతు రంగు మారదు. వెనక కన్నం ఉంది గానీ దాన్ని మూయడానికి స్పాంజి బిరడాలు వాళ్ళే ఇస్తారు. మీ గదిలో బిరడాలు పెట్టే వింటారని నా పందెం. దీని సెన్సిటివిటీ (ఒక్క వాటుకి మీటరు దూరంలో వచ్చే శబ్దం) 85 డెసిబెల్స్ మాత్రమేనని భయపెడతారు. మీ యాభై వాట్లు చాలు. అంత దగ్గర్లో ఒక్క వాటుకే సంభాషణని మించిన వాల్యూం వస్తుంది.

ఇంకా తక్కువలో అయితే వార్ఫ్‌డేల్ డైమండ్ వరసలో చిన్నది, ఎలాక్ డెబ్యూలో ఐదంగుళాలది. రెండూ నిజాయితీగా పలికే స్పీకర్లు. ఆరున్నర అంగుళాల వూఫరున్న వాటి అన్నయ్యల జోలికి పోకండి. కలకత్తా సోనోడైన్ వాళ్ళవి దొరికితే వినకుండా కొట్టిపారేయొద్దు, మన దేశంలో ఈ పని దశాబ్దాలుగా చేస్తున్నవాళ్ళు. స్పెసిఫికేషన్ కాగితంలో బేస్ 60 హెర్ట్జ్ దగ్గర నుంచే తగ్గుతుందని ఉంటే షాపువాళ్ళు నీళ్ళు నములుతారు. మీరు మాత్రం దాన్ని మంచి గుణంగా చూడండి.

ఆంప్ పక్కన పెట్టడానికి మనసొప్పితే, లోపలే ఆంప్ ఉండే యాక్టివ్ మానిటర్లు కూడా ఉన్నాయి. యమహా హెచ్ఎస్5కి, గోడ దగ్గరగా పెట్టినప్పుడు బేస్ తగ్గించే స్విచ్ ఉంటుంది, మీలాంటి గదికి బంగారం. అయితే చవక మానిటర్లలో కొన్ని ట్వీటర్ దగ్గర సన్నగా బుసకొడతాయి. రాత్రి పూట ఐదడుగుల్లో కూర్చుని ఆలాపన వినేవాళ్ళకి అది దోమలా ఉంటుంది. కొనేముందు ఏ పాటా లేకుండా ఆన్ చేసి వినండి.

డబ్బు సంగతి. లక్షన్నరా స్పీకర్లకే పెట్టొద్దు, లక్ష దాటకండి. అది కష్టమైతే సెకండ్ హ్యాండ్‌కి వెళ్ళండి గానీ స్టాండ్లకీ గది సర్దడానికీ కావలసిన డబ్బు మాత్రం ముట్టుకోకండి. స్టాండ్లు బ్రాండెడ్ అక్కర్లేదు, వెల్డింగ్ షాపులో ఇనుప గొట్టంతో సుమారు రెండడుగుల ఎత్తులో చేయించండి. ట్వీటర్ మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకి రావాలి, కుర్చీలో కూర్చుని టేపు పెట్టి కొలిచాకే ఎత్తు చెప్పండి. గొట్టంలో ఇసుక నింపితే మోగదు. దయచేసి ఆర్కే బీచ్ ఇసుక తెచ్చి పోయకండి. నేను పోశాను. ఉప్పుకి గొట్టం లోపలి నుంచి తుప్పుపట్టి, మూడేళ్ళకి అడుగు వెల్డింగు దగ్గర ఎర్రటి పొడి రాలడం మొదలైంది. ఏటి ఇసుక తెచ్చి బాండీలో వేయించి, చల్లారాక పోయండి. ఇంట్లోవాళ్ళు అడిగితే ఏదో ఒకటి చెప్పుకోవాలి మరి.

ఇప్పుడు గదిలో సర్దడం. స్పీకర్లు పది అడుగుల గోడ వైపు, పొడవు వెంబడి మీ వైపు చూసేలా. స్పీకర్ ముందు ముఖం, స్పీకర్ల వెనకున్న గోడకి రెండడుగులు, పక్క గోడలకి రెండున్నర అడుగులు, రెండింటి మధ్య ఐదడుగులు. మీ తల స్పీకర్ల వెనకున్న అదే గోడ నుంచి ఏడడుగుల్లో. అన్ని గోడలకీ ఒకే దూరం రాకుండా చూసుకోండి. స్పీకరుకీ గోడకీ రెండడుగుల దూరముంటే, గోడని తగిలి తిరిగొచ్చే శబ్దం 142 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దాన్ని కొట్టేసి ఒక గుంట చేస్తుంది. వెనకా పక్కా రెండూ ఒకే దూరమైతే ఆ గుంట ఇంకా లోతవుతుంది. కుర్చీ గదికి సరిగ్గా మధ్యలో, అంటే ఐదున్నర అడుగుల్లో వేయకండి, అక్కడ 52 హెర్ట్జ్ దాదాపు మాయం. మీ వీపు వెనక గోడకి ఆనించి వేస్తే అదే 52 నెత్తినెక్కుతుంది. మీరు ఎడమకీ కుడికీ మధ్యలో కూర్చుంటారు కాబట్టి వెడల్పు వల్ల వచ్చే 57 మిమ్మల్ని అంతగా బాధించదు, ఎత్తు వల్ల వచ్చేది మాత్రం ఉంటుంది. నేను చెప్పినవి మొదటి రోజుకి అంకెలు. ఆ తర్వాత బేస్ గిటార్ మెట్టుమెట్టుగా దిగే పాట ఒకటి పెట్టి కుర్చీని అరడుగు చొప్పున ముందుకీ వెనక్కీ జరపండి. అన్ని మెట్లూ ఒకే బలంతో వినిపించిన చోట నేల మీద సుద్దతో గీత గీయండి.

పక్క గోడల దగ్గర ఒక పని ఇద్దరు కలిసి చేయాలి. మీరు కుర్చీలో కూర్చోండి. ఇంకొకరు గడ్డం గీసుకునే అద్దం పట్టుకుని, మీ చెవి ఎత్తులో గోడ వెంట మెల్లగా జరుపుతూ వెళ్ళాలి. అద్దంలో మీకు ట్వీటర్ కనిపించిన చోట ఆపమనండి. అక్కడి నుంచే మొదటి ప్రతిధ్వని మీ చెవికి వస్తోంది. రెండు గోడల మీదా ఆ చోట్లలో నాలుగడుగులు బై రెండడుగుల చెక్క ఫ్రేములో రెండంగుళాల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూదిలాంటి పలక) పెట్టి, పైన ఊపిరాడే బట్ట బిగించండి. ఆ బట్టకి నోరానించి ఊదితే గాలి అవతలికి పోవాలి. నాలుగు మూలల్లో కనీసం రెండిట్లో నేల నుంచి పైదాకా నాలుగంగుళాల మందంతో పెట్టగలిగితే ఇంకా మంచిది, మోతలు అక్కడే పోగుపడతాయి. ఏసీ డక్టులకి, ఫ్యాక్టరీలకి ఇన్సులేషన్ వేసేవాళ్ళని అడిగితే రాక్‌వూల్ దొరుకుతుంది. చేతికి గ్లౌజులు, ముక్కుకి మాస్కు మర్చిపోవద్దు, దురద రెండ్రోజులు వదలదు. గుడ్ల ట్రేలాంటి ఫోము షీట్లు ఆన్‌లైన్‌లో చవకగా కనిపిస్తాయి. పైశబ్దాన్ని తినేసి బేస్‌ని వదిలేస్తాయి, గది ఇంకా మొద్దుగా తయారవుతుంది. నేల మీద మందపాటి జంపఖానా, మీ వెనక గోడకి పుస్తకాల బీరువా. ఇంట్లో పాత దూది పరుపు ఉంటే పారేయకండి, మూలలో నిలబెట్టి ముందు అదే వినిచూడండి.

మైక్ పెట్టి కొలిచే సరదా ఉంటే ఆర్ఈడబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. యూఎస్‌బీ కొలత మైక్ ఒకటి కొనుక్కుంటే మీ గది గుంటలూ గుట్టలూ గ్రాఫులో కనిపిస్తాయి. కొననక్కర్లేదు, స్నేహితుల దగ్గరుంటే ఒక ఆదివారం అడిగి తెచ్చుకోండి.

మన ఊరికి ప్రత్యేకమైన గొడవ ఉప్పుగాలి. ఎంవీపీ నుంచి సముద్రం ఎంత దూరం! స్పీకర్ టెర్మినళ్ళకి చిలుము పడుతుంది, ఆరు నెలలకోసారి వైరు విప్పి, కొసలు కత్తిరించి, మళ్ళీ బిగించండి. వైరు గురించి అంతకు మించి ఆలోచించొద్దు, ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీ దూరానికి ఎక్కువే. సెకండ్ హ్యాండ్ చూస్తుంటే వూఫర్ చుట్టూ ఉన్న అంచు రబ్బరో ఫోమో ముందు చూడండి. ఫోమైతే ఈ తేమకి పది పదిహేనేళ్ళలో పాత అప్పడంలా పొడిపొడి అవుతుంది. వేలితో మెల్లగా నొక్కితే వేలికి నల్లగా అంటిందంటే ఇక బేరం అక్కర్లేదు. ఎం.డి.ఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) డబ్బా అడుగు అంచులు కూడా తడిమి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి గదిలో నీళ్ళు నిలిచాయి. ఆరబెట్టాక పైకి బాగానే కనిపించిన డబ్బా, అడుగున రొట్టెలా ఉబ్బింది. ఆ ఏడాది ఊళ్ళో తడిసిన స్పీకర్లు ఎన్నున్నాయో, వాటిలో ఎన్ని పాలిష్ పట్టించుకుని ఇంకా చేతులు మారుతున్నాయో.

ఫ్యానుతో వినకండి, రెక్కలు శబ్దాన్ని తరుగుతున్నట్టు సాగే స్వరం వణుకుతుంది. మే నెలలో ఇది చెప్పడం తేలికే, చేయడం కష్టం. నేను అరగంట ముందు ఏసీ వేసి గదిని చల్లబరిచి, వినేటప్పుడు ఆపేస్తాను. ఒక ఎల్పీ రెండు వైపులూ అయ్యేసరికి చొక్కా తడుస్తుంది, అప్పుడు మళ్ళీ వేస్తాను.

ఇక షాపు. పెద్ద హాల్లో ఏ స్పీకరు విన్నా అది ఆ హాలు సంగతే చెబుతుంది. డిపాజిట్ కట్టి శని, ఆదివారాలు ఇంటికి తెచ్చుకోనిస్తారా అని అడగండి. ఒప్పుకోకపోతే పోనీ సెకండ్ హ్యాండ్‌లో ఎవరింట్లోనైనా చిన్న గదిలో వినండి. పోల్చేటప్పుడు వాల్యూం రెండిటికీ సమానం చేయించండి, ఫోన్‌లో డెసిబెల్ యాప్ చాలు. కాస్త గట్టిగా మోగిందే బాగుందనిపించడం మన చెవి బలహీనత, అమ్మేవాళ్ళకి అది బాగా తెలుసు. వెంట తీసుకెళ్ళాల్సింది మీకు కంఠతా వచ్చిన రికార్డింగులు. రేడియోలో వార్తలు చదివే మగ గొంతు ఒకటి తప్పక పెట్టండి. ఆయన డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంటే ఆ స్పీకరు ఎంత ఖరీదైనా వద్దు.

సబ్‌వూఫర్ (కింది బేస్ కోసమే పెట్టే వేరే డబ్బా) గురించి కూడా అడిగారు. ఏడాది ఆగండి. ఆ తర్వాత కూడా రాక్ పాటల్లో వెలితి అనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

మీరు రాయనిది ఒకటుంది, గది తలుపు, కిటికీ ఏ గోడకి ఉన్నాయో. తలుపు ఒక పక్క గోడకి, అదీ మీరు అద్దం పెట్టే చోటే ఉంటే నేను పైన చెప్పిన అమరిక తిప్పేయాల్సి రావచ్చు. ఒక పక్క చెక్క తలుపు, ఇంకో పక్క రాక్‌వూల్ అయితే గొంతు మధ్యలోంచి ఒక పక్కకి జరిగిపోతుంది. కాగితం మీద గది గీసి, తలుపు ఎటు తెరుచుకుంటుందో బాణం గుర్తు పెట్టి పంపండి. అది చూసేదాకా స్టాండ్లకి అడ్వాన్సు ఇవ్వకండి.